పదివేలలో ఆరు : విశ్వకిరణముల దిశాభేదముపై ఒక విమర్శ

అరకు లోయలో భారమితి నొకదానిని గోడకు తగిలించి గంటగంటకు చదివినచో ఒక విషయము తెలియును. గాలివాన లేని దినములలో సైతము వాయుభారము ఉదయము పదిగంటల ప్రాంతమున హెచ్చి, సాయంకాలము నాలుగు గంటలకు తగ్గి, రాత్రి పదిగంటలకు మరల హెచ్చును. ఉష్ణమండల మంతటను కనబడు ఈ పోటుపాటులలో భేదము రెండు మూడు మిల్లీబారులు మాత్రమే. విశ్వకిరణములు ఏ దిక్కునుండి ఎక్కువగా వచ్చుచున్నవో కొలువబూనినవారికి మొదటి చిక్కు ఇదియే.

విశ్వకిరణములు నిజమునకు కిరణములు కావు. వాటిలో అధికభాగము ప్రోటానులు. తక్కినవి హీలియము మొదలగు బరువైన కేంద్రకములు. ఇవి వాతావరణపు పైపొరలలో గాలి కేంద్రకములను తాకి కణముల జల్లును కురిపించును. నేలమీది పరికరములు లెక్కించునది ఈ జల్లులనే. పైనున్న గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు హెచ్చినచో జల్లుల సంఖ్య ఇంచుమించు ఒక శాతము వరకు తగ్గవచ్చును. దిక్కునుబట్టి కలుగు అసలు భేదమో, శాతములో పదవ వంతు మాత్రమే. గాలి చేసిన పనిని ఆకాశమునకు అంటగట్టుట ఎంత సులభమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఈ దృష్టితో పరిశీలింపదగినది 2024లో ప్రకటింపబడిన ఉదకమండలపు ఫలితము. తూర్పు కనుమలు దక్షిణమునకు సాగి పడమటి కనుమలతో కలియు నీలగిరులలో, 2200 మీటర్ల ఎత్తున, టాటా మౌలిక పరిశోధన సంస్థవారి గ్రేప్స్-3 కేంద్రము కలదు. 2013 మొదలు 2016 వరకు నాలుగేండ్లలో పోగైన 370 కోట్ల జల్లులను అచ్చటి పరిశోధకులు పరిశీలించిరి. వాటిని పుట్టించిన కణముల మధ్యమశక్తి సుమారు 16 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఆకాశమున రెండు పట్టెలలో రాక ఎక్కువగా కనబడినది. మొదటిది కృత్తిక, రోహిణి నక్షత్రములున్న వైపు. అచ్చట ఆధిక్యము పదివేలకు 6.5, దోషపు హద్దు 1.3. రెండవది పునర్వసు, పుష్యమి నడినింగి దాటు వేళకు వచ్చునది. దాని ఆధిక్యము 4.9, హద్దు 1.4.

ఈ పనిలో మెచ్చదగినది సంఖ్యకన్న పద్ధతి. ప్రతి జల్లునకు వచ్చిన దిక్కు, వచ్చిన వేళ అను రెండు గుర్తులుండును. కొన్ని గంటల వ్యవధిలో వచ్చిన జల్లుల వేళలను తారుమారు చేసి, ఒకదాని దిక్కునకు మరొకదాని వేళను జతపరచి ఒక కల్పితపటమును తయారుచేయుదురు. గాలివలనను పరికరములవలనను కలుగు హెచ్చుతగ్గులు అసలు పటమునందును కల్పితపటమునందును సమముగా ఉండును. నక్షత్రములతోపాటు తిరుగు సన్నని భేదము మాత్రము కల్పితపటమున చెదరిపోవును. ఒకదానినుండి మరొకటి తీసివేయగా మిగులునదే ఆకాశమునకు చెందినది. పైగా నక్షత్రదినము సూర్యదినముకన్న నాలుగు నిమిషములు తక్కువ. పూర్తి సంవత్సరముల లెక్క తీసికొన్నచో పదిగంటల వాయుభారపు పోటు అన్ని నక్షత్రములమీదను ఇంచుమించు సమముగా పంచబడును. 2008లో అమెరికాలోని మిలాగ్రో కేంద్రమువారును, ఆ తరువాత టిబెట్టు, మెక్సికో కేంద్రములవారును ఇవే రెండు పట్టెలను వేరువేరు పరికరములతో చూచియుండుట ఈ ఫలితమునకు గట్టి బలము.

ఇక లోపములు. మొదటిది, గాలి దోషమును తొలగించిన ఆ జల్లెడయే మరికొంత సొత్తును కూడ తొలగించును. ఎంచుకొన్న వ్యవధికన్న వెడల్పైన భేదము తీసివేతలో పోవును. ఆకాశములో సగము మేర వ్యాపించిన పెద్ద భేదమును గూర్చి ఈ పటము ఏమియు చెప్పజాలదు. రెండవది, భూమి పడమటినుండి తూర్పునకు తిరుగును గనుక, ఒకచోట నిలిచిన పరికరము ఆకాశమును తూర్పు పడమరలుగా మాత్రమే పోల్చగలదు. ఉత్తర దక్షిణ భేదము దానికి అందదు. 2019లో మెక్సికోలోని హాక్, దక్షిణధ్రువములోని ఐస్‌క్యూబ్ కేంద్రములవారు తమ లెక్కలను కలిపి దాదాపు ఆకాశమంతటికి పటము గీచిరి. విస్తీర్ణము పెరిగినను ఈ లోపము పూర్తిగా తీరలేదు.

అన్నిటికన్న జాగ్రత్తపడవలసినది అర్థము చెప్పుటలో. పటమును చూచినవారికి ఈ కణములు రోహిణినుండి వచ్చుచున్నవని తోచుట సహజము. అది భ్రమ. ఇవి విద్యుదావేశము గలవి. నక్షత్రముల నడుమ సుమారు మూడు మైక్రోగాస్‌ల అయస్కాంతక్షేత్రములో, ఇంత శక్తిగల ప్రోటాను చుట్టు వ్యాసార్ధము సూర్యునికి భూమికి గల దూరమునకు వేయి రెట్లు మాత్రమే. రోహిణి దూరమో నలుబది లక్షల రెట్లు. అంత దారిలో వందల కొలది చుట్లు తిరిగి వచ్చిన కణము తన పుట్టినిల్లును చూపజాలదు. మరి ఈ సన్నని పట్టెలేల? సమీపమున అయస్కాంతక్షేత్రము చిక్కుపడి యుండుట వలన అని కొందరు, సౌరమండలపు అంచుల ప్రభావమని కొందరు చెప్పుదురు. వాదము ఇంకను తేలలేదు. కావున "రోహిణి దిక్కున ఎక్కువ" అనుట శాస్త్రము. "రోహిణినుండి ఎక్కువ" అనుట కల్పన. పాఠములలోను పత్రికలలోను ఈ రెంటిని కలిపివేయరాదు.

అరకులో రోహిణి దాదాపు నడినెత్తిమీదుగా పోవును. హాక్ కేంద్రపు అక్షాంశము 19 డిగ్రీలు, అరకుది 18 పైచిలుకు. చూడదగిన ఆకాశము ఒకటియే. భేదమంతయు ఎత్తులో ఉన్నది. హాక్ 4100 మీటర్ల ఎత్తున నున్నది, అరకు సుమారు 900 మీటర్లే. హాక్‌పై చదరపు సెంటీమీటరుకు సుమారు 640 గ్రాముల గాలి ఉండగా అరకుపై 930 గ్రాములకు దగ్గరగా ఉండును. అంత గాలిలో చిన్నజల్లులు చాలవరకు ఇంకిపోవును. కనుక ఇట్టి పరిశోధనకు అరకు అనువైన చోటు కాదు. అయినను అచ్చటి, పాడేరులోని విద్యార్థులు ఒక భారమితితో నెల దినములు గంటగంటకు వాయుభారమును వ్రాసికొని గీత గీచినచో, ఉదకమండలమువారు ముందుగా దేనిని తొలగించిరో తమ కండ్లతో చూడగలరు. పదివేలలో ఆరు అను మాటను నమ్ముటకు ముందు తెలియవలసినది అదియే.