అది లెక్క కాదు, చిల్లర

గిజుభాయి బధేకా గుజరాతీ 'దివాస్వప్న' (1932) తెలుగులో 'పగటికల'. ఇంజనీరింగ్ రోజుల్లో నన్ను ఊపేసిన పుస్తకం. పోయిన డిసెంబరులో రాజాం వెళ్లినప్పుడు పిన్ని ఇంట్లో మళ్లీ చదివాను. పిన్ని ప్రైమరీ స్కూలు టీచరు. ఈసారి నాకూ పుస్తకానికీ మధ్య ఓ మూడో తరగతి గుంట అడ్డొచ్చింది. మా వైపు ఆడపిల్లని అలాగే అంటాం.

పిన్ని దిద్దుతున్న నోటుబుక్కులో 50 లోంచి 38 తీసేస్తే 28 అని ఉంది. పైనున్నదా కిందున్నదా అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది. "దీని బుర్రకి లెక్కలెక్కవురా" అంది పిన్ని. సాయంత్రం మార్కెట్లో అదే పిల్ల వాళ్లమ్మ పక్కన కూరగాయలమ్ముతోంది. మా కూరలు ముప్ఫై ఎనిమిదయ్యాయి, యాభై ఇచ్చాం. "రెండేస్తే నలభై, ఇంకో పదేస్తే యాభై" అంటూ పన్నెండు చేతిలో పెట్టింది.

పిన్ని వైపు చూశాను. "అది లెక్క కాదురా, చిల్లర."

1985లో బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో బజారు పిల్లల మీద వచ్చిన అధ్యయనం ఇదే చెప్పింది. బేరంలో నూటికి 98 లెక్కలు సరిగ్గా చేసిన పిల్లలు, అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 దగ్గర ఆగిపోయారు. తేడా బుర్రలో లేదు. దేన్ని లెక్క అంటామన్న నమ్మకంలో ఉంది.

'పగటికల'తో నా పేచీ ఇక్కడే. లక్ష్మీరామ్ మాస్టారు నాలుగో తరగతిలోకి నమ్మకంతోనే అడుగుపెడతాడు. అనుమానాలన్నీ చుట్టూ ఉన్నవాళ్లవి. పాత నమ్మకంతో ఏళ్లు పనిచేసిన టీచరు లోపల అది ఎలా కదులుతుందో మనకి కనపడదు. పుస్తకం మూశాక నాకు గుర్తున్నవి కథలూ ఆటలూ నాటకాలూ. లెక్కలు గుర్తులేవు.

మనమూ తక్కువేం కాదు. "నాకు లెక్కలు రావండీ, అందుకే సాహిత్యం" అని సభల్లో నవ్వుతూ చెప్పుకుంటాం. కొన్ని బుర్రలకి లెక్కలెక్కవన్న పిన్ని మాటే అది, కాస్త ఇస్త్రీ చేసింది.

ఆ రాత్రి పిన్ని నోటుబుక్కు మళ్లీ తీసి 28 వైపు చాలాసేపు చూసింది. "సరే, రెండేసి పదేసి చెప్పమంటావు. పరీక్షలో అలా రాస్తే మార్కులెవరేస్తార్రా?"

లక్ష్మీరామ్‌కి ప్రయోగం చేసుకోమని అనుమతిచ్చిన అధికారి ఉన్నాడు. పిన్నికి రెండు తరగతులు, ఒక గది. నా దగ్గర జవాబు లేదు. కానీ ఆమె ఆ పిల్లకి కాకుండా పరీక్షకి ప్రశ్న వేయడం నేను వినడం అదే మొదటిసారి.