రంగుకు ముందు పని

ఇల్లు అమ్మకానికి పెట్టినా, అద్దెకిచ్చినా, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నా ముందుగా కబురు వెళ్లేది పెయింటర్‌కే. చూసేవాళ్లకు కనిపించేది రంగు. పనితనమంతా డబ్బా మూత తీయకముందే ఉంటుంది.

వచ్చీ రాగానే అరచేత్తో గోడను రుద్దుతాడు. చేతికి పొడి అంటితే పాత సున్నం గీకాల్సిందే. పెచ్చులు గోకి, పగుళ్లు పూడ్చి, లప్పం పల్చగా రెండుసార్లు పెడతాడు. ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, బల్బును గోడ పక్కగా పట్టి చూస్తాడు. ఎదురుగా నిలబడితే కనబడని గుంటలు, గీతలు ఆ ఏటవాలు వెలుతురులో బయటపడతాయి. మళ్లీ లప్పం, మళ్లీ రుద్దుడు. ఆ తర్వాతే ప్రైమర్, దానిమీద రెండు కోటింగుల రంగు.

బయటి గోడలది ఇంకో లెక్క. పాకుడు కడిగాక గోడ పూర్తిగా ఆరేదాకా బ్రష్ ముట్టడు. చెమ్మ మీద వేసిన రంగు బుడగలు కట్టి ఊడిపోతుందని అతనికి తెలుసు. కొత్త ప్లాస్టరింగ్ అయితే దాదాపు 28 రోజులు ఆగమంటాడు.

ఇల్లుగలవారికి ఒక్క మాట: పండగ ముంచుకొస్తోందని అతన్ని తొందరపెట్టకండి. గీకుడుకీ, రుద్దుడుకీ బేరం ఆడకండి. రంగు నాలుగేళ్లు నిలిచేది ఆ పని వల్లే.