'బాల' పత్రిక: వరుస కలిపిన పెంపకము

తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మన యిండ్లలో తల్లి నేర్పిన మాట, వీథిలో మరల వినబడనిచో, బిడ్డ నోట నిలువదు. పెంపకము పదుగురి పని యని మనకు నిత్యానుభవము.

ఈ దృష్టితో న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మదరాసున స్థాపించిన 'బాల' పత్రికను పరిశీలించితిమి. వారు గురువులై బోధింపలేదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలై పలుకరించిరి. ఆ వరుసవలన ముఖపరిచయము లేని పిల్లలును తోబుట్టువులైరి. పిల్లలు చదువరులే కాక రచయితలు నైరి. ముళ్లపూడి వెంకటరమణ చిన్ననాటి కథయు, బాపు చిన్ననాటి బొమ్మలును అందు వెలసినవే.

పత్రికకు పరిమితి లేకపోలేదు. అక్షరము రాని బిడ్డకు అచ్చు మూగది. ఆ కొఱతను రేడియోలో వారి బాలల కార్యక్రమము తీర్చెడిది.

నేడు మన పిల్లలలో పెక్కురు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. వారిచే ఏటి కొకనాడు వేదికపై కంఠస్థపద్యము చెప్పించి చప్పట్లు చరచుచున్నాము. వారు తమంత చెప్పబోవు మాటను వినుట లేదు. 'బాల' గొప్పతన మా వినుటలోనే యున్నదని మా యభిప్రాయము. మన ప్రతి సంఘమునను, వారమున కొక గంట పిల్లల మాట వినుటకై కూర్చుండు అన్నయ్యయో అక్కయ్యయో యుండవలెను.