అఖడా పాట, అరచేతి తెర

జంషెడ్‌పూరులోని బిర్సానగరము పేరులోనే ఒక చరిత్ర యున్నది. 1900లో రాంచీ చెరసాలలో అసువులు బాసిన బిర్సా ముండా పేరది. ఉక్కు కర్మాగారము నాశ్రయించి నానా ప్రాంతములవారు చేరిన ఈ పట్టణమున ముండారీ, సంతాలీ, హో భాషలు హిందీ, బంగాళీ, ఒడియా, తెలుగులతో ఇరుగుపొరుగులై మెలగుచున్నవి. ప్రపంచీకరణ వేళ సామాజిక మాధ్యమములు స్థానిక సంస్కృతులను మ్రింగివేయుచున్నవను ఆక్రోశమును ఇచ్చట నిలిపి పరీక్షించినచో, అది సగము నిజముగనే తేలును.

లిపి విషయమున ఆ ఆక్రోశము చెల్లదు. 1925లో రఘునాథ్ ముర్ము సంతాలీకై కల్పించిన ఓల్ చికి లిపి 2008లో యూనికోడున చేరినది. 2018లో సంతాలీ వికీపీడియా వెలసినది. ముండారీకై రూపొందిన నాగ్ ముండారీ లిపికిని 2022లో యూనికోడున స్థానము లభించినది. అచ్చుకూటములలో సులభముగా దొరకని ఓల్ చికి అక్షరము నేడు చేతి ఫోనులో దొరకును. వేయేండ్ల సాహిత్యము గల భాషను రోమను అక్షరములతో వ్రాసికొనుచున్న తెలుగు యువకులు ఈ సంగతిని గమనింపవలెను.

పాట సంగతి వేఱు. ముండాల జదుర్ పాట సాలవృక్షము పూచు సర్హుల్ పండుగ ఋతువునకు చెందినది. కరమ్ పాట వానకారుది. వానికి నెలవు అఖడా, అనగా ఊరి నృత్యస్థలము. అచ్చట పాడువారే ఆడువారు. వినుటకు మాత్రమే వచ్చినవారి కొఱకు పుట్టిన పాట కాదది. 1907లో హాఫ్‌మన్ ముండారీ కవిత్వమును, సంగీతమును, నృత్యమును ఒకే గ్రంథమున కలిపి చర్చించుట ఊరక జరిగినది గాదు. ఒక చరణమున చెప్పినదానినే తరువాతి చరణము పర్యాయపదములతో మరల చెప్పుట ఆ పాటల లక్షణము. చేతులు కలిపిన వరుస అడుగు వెంట అడుగు కదలుచుండగా ఆ ఆవృత్తియే అందము. అర నిమిషపు దృశ్యమునకు పాటను కుదింపబోయినవానికి అది వట్టి పునరుక్తిగా తోచును. మొదట కత్తెర పడునది దానికే. మిగిలినది పాటగానే వినబడును. పోయినదేదియో చూచువానికి తెలియదు. పాట లక్షమందికి చేరినదని సంతసించువారు ఈ నష్టమును లెక్కింపరు.

ఇది ముండాల కొక్కరికే కలిగిన చిక్కు గాదు. తెలంగాణమున ఒకరు చెప్పగా తక్కినవారు వలయముగా తిరుగుచు అందుకొనవలసిన బతుకమ్మ పాటను ధ్వనివర్ధకము పాడుచుండగా, స్త్రీలు చప్పట్లు మాత్రము కొట్టుచున్న చోట్లు పెక్కు. ఏటేట యూట్యూబున వెలువడు క్రొత్త బతుకమ్మ పాటలలో కొన్ని వినసొంపైనవే. అయినను ఊరి ముచ్చటనో, తనకు తెలిసిన కథనో నడుమ చేర్చుటకు పాడునామెకు వానిలో తావు లేదు.

ఆ ఫోనుతోనే అఖడాలో రేయెల్ల సాగిన పాటను, ఆవృత్తులతో, మద్దెల మ్రోతతో, పదము మఱచి నవ్వుకొన్న తావులతో సహా పూర్తిగా పట్టవచ్చును. జానపద గేయములు సేకరించు తెలుగు రచయితలు కత్తిరించిన ప్రతిని గాక ఆ ప్రతిని అడుగవలసియున్నది. ఏ ఊరిలో, ఏ మాసమున, ఎవరు పాడగా ఎవరు అందుకొనిరో కూడ దానిపై వ్రాయించుకొనవలసియున్నది.