ముల్లు కదలని మ్యూజియం

ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్‌ఎస్ కుర్సురాని యుద్ధ స్మారకంగానే చూస్తాం. నాకు మాత్రం అది ముందుగా కొలత పరికరాల మ్యూజియం. జలాంతర్గామికి కిటికీలుండవు కదా! మునిగాక ఎంత లోతులో ఉన్నామో, ఎటు పోతున్నామో, దగ్గర్లో ఎవరున్నారో కళ్ళకి తెలీదు. డెప్త్ గేజ్, జైరో కంపాస్, సోనార్ ఏం చెబితే అదే నమ్మాలి. పెరిస్కోప్ కూడా నీటిమట్టానికి దగ్గరగా వచ్చినప్పుడే పనికొస్తుంది.

సోవియట్ యూనియన్లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిన ఈ 91 మీటర్ల నౌక, 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. 2002 ఆగస్టులో మ్యూజియం అయింది. ఇరుకుని ఇరుకుగానే ఉంచడం దీని బలం. తలవంచుకుని గుండ్రటి తలుపులు దాటుతుంటే, ఇక్కడ మనుషులు వారాల తరబడి ఎలా బతికారో ఒంటికి తెలుస్తుంది. గైడ్లుగా మాజీ నావికులు ఉండటం ఇంకో అదృష్టం.

పరికరాల దగ్గరకొచ్చేసరికి మాత్రం కథ ఆగిపోతుంది. డయల్ పేరు తెలుస్తుంది, పని తెలుస్తుంది. రీడింగ్ తెలీదు. ఏ అంకె దగ్గర సిబ్బందికి గుండె ఝల్లుమనేది? రెండు గేజ్‌లు రెండు రకాలుగా చెబితే దేన్ని నమ్మేవాళ్ళు? మా భాషలో చెప్పాలంటే, సర్వర్ ఉంది, లాగ్స్ లేవు. వెనక జనం తోసుకొస్తుంటారు, సెల్ఫీ తీసుకుని ముందుకి కదులుతాం.

ఈ ఊళ్ళోనే దీనికి సరిగ్గా తిరగబడిన కథ ఇంకోటుంది. 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించాడు. డాల్ఫిన్స్ నోస్ మీద జెండా స్తంభం పెట్టించి ఊరికి టైం చెప్పించాడు. ఆయన తర్వాత ఆ పని అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు చేతికొచ్చింది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని నల్లచుక్కలా దాటుతుంటే, ఆయన ఆరంగుళాల టెలిస్కోపుతో గమనించి, లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకి రిపోర్టు పంపాడు. వేర్వేరు చోట్ల నుంచి ఆ క్షణాలని కచ్చితంగా నమోదు చేస్తే, సూర్యుడి దూరం లెక్కకట్టొచ్చు. ప్రపంచమంతా చేస్తున్న ఆ కొలతలో వైజాగ్‌ది కూడా ఒక రీడింగ్.

అంటే బీచ్‌లో పరికరాలున్నాయి, రీడింగులు లేవు. డాబాగార్డెన్స్ విషయంలో రీడింగులు అచ్చులో ఉన్నాయి, వాటిని చూపించే గది ఊళ్ళో లేదు. యుద్ధనౌకని ఒడ్డుకి లాగి నిలబెట్టగలిగిన ఊరికి, రెండు పేజీల రిపోర్టుని అద్దాల వెనక పెట్టడం కష్టం కాదు. ఇష్టమే లేదేమో అనిపిస్తుంది. ఆయుధాన్ని చూసి గర్వపడటం వచ్చినంత తేలిగ్గా, ఓపిగ్గా కొలిచినవాణ్ణి చూసి గర్వపడటం మనకి రాలేదు.

కుర్సురాకి వెళ్ళండి, తప్పకుండా చూడాల్సిందే. అయితే ఏదో ఒక డయల్ దగ్గర ఆగి, "ఇది ఎంత చూపిస్తే భయపడేవారండీ?" అని గైడ్‌ని అడగండి. బోర్డు మీద లేని మ్యూజియం ఆయన దగ్గరుంది. ఎవరైనా రాసిపెట్టుకోకపోతే అది ఆయనతోనే పోతుంది.