వార్షికోత్సవ సంచిక – పాఠపరిష్కరణ: ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్ ఆధారంగా పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:

రాక్ సంగీతంలో ప్రసిద్ధమైన ఆల్బమ్‌లకు ఇరవై, యాభై ఏళ్లు నిండినప్పుడు ప్రత్యేక సంచికలు వెలువడటం, ఆ సందర్భంలో విమర్శకులు వాటిని పునర్మూల్యాంకనం చేయడం ఒక సంప్రదాయంగా స్థిరపడింది. ఇటువంటి సంచికలను స్మారకాలుగా మాత్రమే చూడటం సరికాదనీ, అవి మూలకృతికి కొత్త పాఠాలను కల్పిస్తాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బీటిల్స్ బృందం 1967లో వెలువరించిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ ఆల్బమ్‌నూ, దాని 1987, 2017 సంచికలనూ ఆధారంగా చేసుకొని, పాఠభేదాలను గుర్తించని వార్షికోత్సవ విమర్శలోని పరిమితులను ఇది పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రాక్ సంగీతం, బీటిల్స్, వార్షికోత్సవ విమర్శ, పాఠాంతరం, పరిష్కరణ, రీమిక్స్.

1. ఉపోద్ఘాతం:

ఒక కవి శతజయంతికి వెలువడే సంచికలో సాధారణంగా రెండు పనులు జరుగుతాయి. ఒకటి, కవిని స్మరించడం. రెండు, ఆయన రచనలను మళ్లీ అచ్చువేయడం. మొదటిది భావానికి సంబంధించినది, రెండవది పాఠానికి సంబంధించినది. పునర్ముద్రణలో అక్షరం మారితే అర్థం మారుతుందని సాహిత్యపరిశోధకులకు తెలుసు. అందుకే కావ్యపరిష్కర్తలు పాఠాంతరాలను పుట అడుగున చూపుతారు. ఏ ప్రతిని ఆధారం చేసుకున్నదీ పీఠికలో చెబుతారు.

రాక్ ఆల్బమ్‌ల వార్షికోత్సవాలలోనూ ఈ రెండు పనులూ జరుగుతున్నాయి. అయితే అక్కడి విమర్శ చాలావరకు మొదటిదానికే పరిమితమవుతోంది. ఆల్బమ్ వెలువడిన సంవత్సరపు వాతావరణం, అది కలిగించిన సంచలనం, తరువాతి తరాలపై దాని ప్రభావం వర్ణించి విమర్శకుడు విరమిస్తాడు. తాను వింటున్నది ఏ పాఠమో చెప్పడు. ఈ మౌనం వల్ల కలిగే నష్టాన్ని ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్ స్పష్టంగా చూపుతుంది.

2. మూలపాఠం ఏది?

ఈ ఆల్బమ్‌కు సంబంధించిన రికార్డింగులు 1966 నవంబరు చివరిలో లండన్‌లోని ఇ.ఎమ్.ఐ. స్టూడియోలో మొదలై 1967 ఏప్రిల్‌లో ముగిశాయి. నిర్మాత జార్జ్ మార్టిన్, ధ్వని ఇంజనీరు జెఫ్ ఎమెరిక్. వారు వాడిన టేపు యంత్రాలలో ఒకేసారి నాలుగు ట్రాకులకే చోటు ఉండేది. నాలుగూ నిండితే, వాటిని కలిపి మరొక టేపులో తక్కువ ట్రాకులకు ఎక్కించి, మిగిలిన ట్రాకులలో కొత్త వాద్యాలనూ గొంతులనూ చేర్చేవారు. అలా కలిపిన ధ్వనులను ఆ తరువాతి టేపులో మళ్లీ విడదీసే వీలులేదు.

చివరి దశలో ఈ ట్రాకులను రెండు విధాలుగా మిశ్రమం చేశారు. మొదటిది ధ్వని అంతా ఒకే మార్గంలో వచ్చే మోనో, రెండవది కుడి ఎడమలుగా విడిపోయే స్టీరియో. బృందసభ్యులు శ్రద్ధ పెట్టి దగ్గరుండి చూసుకొన్నది మోనోనే. స్టీరియో మిశ్రమం తక్కువ వ్యవధిలో, ప్రధానంగా వారి ప్రమేయం లేకుండానే పూర్తయింది. ఫలితంగా రెండు పాఠాల మధ్య స్పష్టమైన తేడాలు ఏర్పడ్డాయి. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ పాట మోనోలో కొంత వేగంగా, కొంత హెచ్చు శ్రుతిలో వినిపిస్తుంది. స్టీరియోలో అదే పాట నెమ్మదించి మరింత విషాదంగా తోస్తుంది. ఇల్లు విడిచి వెళ్లిన అమ్మాయి కథలో ఏ గమనం కవిహృదయానికి దగ్గరగా ఉందన్నది విమర్శకుడు తేల్చవలసిన ప్రశ్న. ఒకే పాఠం ఉన్నదనుకొనే విమర్శకుడికి ఆ ప్రశ్న పుట్టదు.

3. 1987 సంచిక – ఒక పాఠం మరుగుపడటం:

ఈ ఆల్బమ్ తొలిపాటే ఇరవై ఏళ్ల కిందట ఏర్పడిన ఒక కల్పిత వాద్యబృందాన్ని ప్రేక్షకులకు పరిచయం చేస్తూ సాగుతుంది. అంటే వార్షికోత్సవ భావన కృతిలోనే ఒక కల్పనగా ఇమిడి ఉంది. 1987 జూన్ 1న, విడుదలై ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా, ఆల్బమ్ సి.డి. రూపంలో వెలువడి ఆ కల్పనను వాణిజ్య సందర్భంగా మార్చింది.

ఆ సి.డి.లో చేర్చినది స్టీరియో పాఠం మాత్రమే. మోనో పాఠం అధికారికంగా సి.డి.పై 2009లో గాని రాలేదు. సి.డి.లతోనే బీటిల్స్‌ను తెలుసుకొన్న ఒక తరానికి, కళాకారులు తక్కువ శ్రద్ధ పెట్టిన పాఠమే ఇరవై రెండేళ్లపాటు మూలంగా చలామణీ అయింది. స్మరణ పేరుతో జరిగిన ప్రచురణ మూలపాఠాలలో ఒకదాన్ని తెరవెనక్కు నెట్టింది.

4. 2017 సంచిక – పరిష్కర్త పాత్ర:

యాభై ఏళ్ల సంచికను జార్జ్ మార్టిన్ కుమారుడు జైల్స్ మార్టిన్, ఇంజనీరు శామ్ ఒకెల్ సిద్ధం చేశారు. వారు 1967నాటి స్టీరియో మిశ్రమాన్ని శుభ్రపరచి ఊరుకోలేదు. ట్రాకులను కలపడానికి ముందున్న తొలిదశ టేపులను తీసుకొని, వాటిని సమకాలీకరించి, కొత్త స్టీరియో మిశ్రమాన్ని రూపొందించారు. దీనికి మోనో పాఠాన్ని మార్గదర్శకంగా ఉంచుకొన్నారు. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ మోనో వేగానికి తిరిగి వచ్చింది. రింగో స్టార్ డ్రమ్ములు, పాల్ మెకార్ట్నీ బేస్ గిటార్ మునుపటికంటే స్పష్టంగా ముందుకు వచ్చాయి.

ఇది పరిష్కరణే. ప్రాచీనతర ప్రతులను ఆశ్రయించడం, కర్త ఉద్దేశాన్ని ప్రమాణంగా భావించడం సాహిత్యపరిష్కర్తల పద్ధతి. అయితే ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. మూలానికి చేరువ కావాలనే ప్రయత్నంలో పుట్టిన ఈ ధ్వని 1967లో ఏ శ్రోతా వినని ధ్వని. విలువైనదే అయినా ఇది మూలం కాదు, మూలంపై ఒక వ్యాఖ్యానం.

ఈ సంచిక ఆల్బమ్ హద్దులను కూడా సడలించింది. ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’, ‘పెన్నీ లేన్’ పాటలు ఇదే కాలపు రికార్డింగులే అయినా 1967 ఫిబ్రవరిలో విడి రికార్డుగా వెలువడినందువల్ల ఆల్బమ్‌లో చేరలేదు. వాటిని వదిలివేయడం పొరపాటని జార్జ్ మార్టిన్ తరువాతి కాలంలో అంగీకరించారు. 2017 విస్తృత సంచికలో అవి అనుబంధంగా వచ్చాయి. అనుబంధాన్నీ మూలాన్నీ కలిపి విన్న శ్రోతకు కృతి సమగ్రత గురించిన అవగాహన మారుతుంది.

5. యాభై ఏళ్ల గడువు – చట్టం:

వార్షికోత్సవాన్ని కేవలం స్మృతిగా భావించడం మరొక కారణం వల్లనూ సరిపోదు. ఐరోపా సమాఖ్య 2011లో ధ్వనిముద్రణల హక్కు కాలాన్ని 50 ఏళ్ల నుంచి 70 ఏళ్లకు పెంచింది. అయితే రికార్డు చేసిన 50 ఏళ్లలోపు విడుదల కాని ముద్రణలకు ఈ పొడిగింపు దక్కదు. దీని ఫలితంగా 2012లో బాబ్ డిలన్ పాత ముద్రణలు దాదాపు 100 ప్రతులతో మాత్రమే వెలువడ్డాయి. ఆ సంకలనం పేరులోనే హక్కు పొడిగింపు ప్రస్తావన ఉంది. కాబట్టి ‘యాభై’ అనే సంఖ్య భావోద్వేగంతోపాటు ఆస్తిహక్కుతోనూ ముడిపడినది. విడుదలకాని ముద్రణలు వార్షికోత్సవ సంచికలలో చేరినప్పుడు విమర్శకుడు ఈ నేపథ్యాన్ని విస్మరించరాదు.

6. విలువనిర్ణయంలో మార్పు:

వార్షికోత్సవ వ్యాసాలు ఆల్బమ్ ఘనతను తొలినాటి నుంచీ ఏకగ్రీవమైనదిగా చిత్రిస్తాయి. వాస్తవం వేరు. 1967 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ రాసిన సమీక్ష ‘ఎ డే ఇన్ ది లైఫ్’ను మెచ్చుకొన్నా, మొత్తం ఆల్బమ్‌ను తీవ్రంగా విమర్శించింది. రోలింగ్ స్టోన్ పత్రిక 500 ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో 2003లోనూ 2012లోనూ ‘సార్జెంట్ పెప్పర్’ మొదటి స్థానంలో ఉంది. 2020 జాబితాలో అది 24వ స్థానానికి దిగింది. మొదటి స్థానం మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’కు దక్కింది. యాభై ఏళ్ల సంచిక వచ్చిన మూడేళ్లకే జరిగిన ఈ మార్పు, ఉత్సవం విలువను శాశ్వతం చేయలేదని నిరూపిస్తుంది.

7. స్మరణలో మరుగైనవారు:

జార్జ్ హారిసన్ రచించిన ‘విదిన్ యు విదౌట్ యు’లో తక్కిన ముగ్గురు బీటిల్స్ సభ్యులూ పాల్గొనలేదు. లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్‌కు చెందిన భారతీయ కళాకారులు దిల్‌రుబా, తబలా, తంబురా వంటి వాద్యాలను వాయించారు. 1967 రికార్డు అట్టపై వారి పేర్లు లేవు. ఆ పేర్లు వెలుగులోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. పాటను ‘ప్రాచ్య ప్రభావం’ అనే ఒక్క మాటతో దాటవేసే స్మారక వ్యాసం, ఆ ప్రభావాన్ని చేతులతో పలికించిన మనుషులను మరోసారి అనామకులను చేస్తుంది. వార్షికోత్సవ విమర్శకు నిజమైన ప్రయోజనం ఉండాలంటే, అది ఇటువంటి ఖాళీలను పూరించాలి.

8. ముగింపు:

• వార్షికోత్సవ సంచిక స్మారకం మాత్రమే కాదు, కృతికి కొత్త పాఠం. కాబట్టి ఏ సంచికను, ఏ మిశ్రమాన్ని విన్నదీ విమర్శకుడు తెలియజేయాలి.

• 1987 సంచిక మోనో పాఠాన్ని మరుగుపరిచింది. 2017 సంచిక దాన్ని మార్గదర్శకంగా స్వీకరించినా, 1967లో లేని మూడవ పాఠాన్ని నిర్మించింది.

• సంచికల వెనుక వాణిజ్య, చట్టపరమైన కారణాలు ఉంటాయి. వాటిని గుర్తించడం వల్ల కృతి విలువ తగ్గదు, విమర్శ విశ్వసనీయత పెరుగుతుంది.

• కీర్తిని పునశ్చరణ చేయడం కన్నా, పాఠభేదాలను నమోదు చేయడం, విస్మృతులైన కళాకారులను పేరుపేరునా గుర్తించడం వార్షికోత్సవ విమర్శ ప్రధాన కర్తవ్యం కావాలి.