అటకెక్కిన ఉప్పుడబ్బా

పరకాలలో మా అక్క చేతి వంటను అందరూ మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది ఆమె తనిఖీని. బావకు థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, రేడియో అయోడిన్ ఇచ్చే ముందు చూశాను దాన్ని.

ఒంట్లో అయోడిన్ తగ్గితేనే మిగిలిపోయిన థైరాయిడ్ కణాలు అయోడిన్-131ను ఆత్రంగా పీల్చుకుంటాయి. అందుకే వారం, రెండు వారాల పాటు రోజుకు 50 మైక్రోగ్రాములు దాటొద్దంటారు. మన అయోడైజ్డ్ ఉప్పులో, ఇంటికి చేరేసరికి కూడా, గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలని నిబంధన. నాలుగు గ్రాములకే హద్దు దాటుతుంది. గొంతువాపును తరిమిన ఉప్పే ఇక్కడ అడ్డం!

అక్క ముందు ఉప్పుడబ్బాను అటకెక్కించింది. కిరాణా కొట్లో సైంధవ లవణం పొట్లాల మీది చిన్న అక్షరాలు చదివింది. వాటిలోనూ కొన్ని అయోడిన్ కలిపినవే. మూడు పక్కన పెట్టి నాలుగోది తీసుకుంది. పచ్చళ్ల జాడీలు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, బేకరీ బ్రెడ్డు అన్నీ బంద్. ఎర్రరంగు మాత్రలను కూడా డాక్టరుకు చూపించింది. ఎరిత్రోసిన్ అనే రంగులో అయోడిన్ ఉంటుంది మరి.

పక్కింటామె కొత్త కారం పంపింది.

"ఉప్పేసి పట్టిచ్చినవా వదినా?"

"ఏసిన."

గిన్నె నవ్వుతూనే వెనక్కి వెళ్లింది.

ఇక జొన్నరొట్టె, పచ్చిపులుసు, పెసరపప్పు, ఉప్పు లేని పల్లీలు. పెరుగు లేని పూట బావ మొహం చూడాలి! పదో రోజు చాయ్ అడిగాడు. అక్క పాలు లేని అల్లం డికాషన్ గ్లాసు ముందు పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి లేచింది.